ట్యాంకు నిండితే ఎర్ర సీసా కిందికి దిగుతుంది

మా స్కూలు గేటు దగ్గర నిలబడి తలెత్తి చూస్తే, మూడో అంతస్తు పైన తెల్ల గోడ మీద ఒక ఎర్ర సీసా వేలాడుతూ కనిపిస్తుంది. అర లీటరు నీళ్ల సీసా. పిల్లలు దానికి ఎర్ర పెయింటు వేశారు. పక్కనే గోడ మీద నాలుగు నల్ల గీతలు. సీసా పై గీత దగ్గర ఉంటే ట్యాంకు ఖాళీ. కింది గీత దాకా దిగితే నిండినట్టు. దానికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు, యాప్ లేదు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పదకొండు మంది నాలుగు నెలల శనివారాలన్నీ పెట్టి చేశారు. ఆ నాలుగు నెలల్లో వాళ్ల ఆసక్తి ఎలా పుట్టిందో, ఎక్కడ పోయిందో, మళ్లీ ఎలా వచ్చిందో దగ్గరుండి చూశాను. మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలి.

నేను బెంగళూరులో, కె.ఆర్.పురం వైపు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఈ ఊరొచ్చి 17 ఏళ్లయింది. సొంతూరు మదనపల్లె. మా స్కూలు పిల్లల్లో సగం మంది ఇళ్లలో మాట్లాడేది తెలుగే. చిత్తూరు, అనంతపురం నుంచి ఎప్పుడో వచ్చినవాళ్లు, గుంటూరు నుంచి వైట్‌ఫీల్డ్ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు, పాలమూరు నుంచి బిల్డింగు పనులకు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. క్లాసులో ఇంగ్లిషు, గ్రౌండులో కన్నడ, కోపమొస్తే తెలుగు.

పోయిన జూన్‌లో మా ప్రిన్సిపాల్ గారు మెట్ల కింద పాత బెంచీలు పడేసే గది ఖాళీ చేయించి, 12,000 రూపాయలు చేతికిచ్చి, శనివారాలు పిల్లలతో ఏదైనా చేయించమన్నారు. నోటీసు బోర్డు మీద రోబో అన్న మాట పడింది. అంతే, మొదటి శనివారం 31 మంది వచ్చారు. గదిలో పట్టక సగం మంది మెట్ల మీద కూర్చున్నారు.

మొదట్లో నేనూ అందరూ చేసేదే చేశాను. నల్ల గీత వెంట నడిచే బండి కిట్లు నాలుగు కొన్నాను. పసుపు పచ్చ మోటార్లు రెండు, చక్రాలు, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, గీతను పసిగట్టే సెన్సర్లు. కాగితం మీద బొమ్మలున్నాయి, ఏ స్క్రూ ఎక్కడ బిగించాలో అంకెలున్నాయి. ఇంకో గంటకల్లా నాలుగు బండ్లూ నడిచాయి. ఒకటే కేకలు, చప్పట్లు. పక్క గదిలోంచి సోషల్ టీచర్ వచ్చి చూసి వెళ్లారు. నేను చాలా సంతోషంగా ఇంటికి వెళ్లాను.

మూడో శనివారం బండ్లు ఆగిపోవడం మొదలైంది. రెండు జానలు నడిచి ఆగడం, బోర్డు మీద లైటు ఆరి వెలగడం, మళ్లీ నడవడం. నాకు కారణం తెలుసు. కిట్‌తో ఇచ్చింది పలక లాంటి 9 వోల్టుల బ్యాటరీ. కొంచెం కొంచెం కరెంటు లాగే చిన్న పరికరాలకు పనికొస్తుంది కానీ రెండు మోటార్లను లాగే శక్తి దానికి లేదు. మోటారు కదలబోయేసరికి వోల్టేజీ పడిపోతుంది, బోర్డు ఆగి మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. నేను చెప్పకుండా ఊరుకున్నాను. ఇప్పుడు కదా అసలు పని దొరికింది అనుకున్నాను. "ఎందుకాగుతోందో మీరే కనుక్కోండి" అన్నాను.

"పాడైపోయింది మిస్, వేరేది ఇవ్వండి."

చాలామంది అన్నది ఇదే. ఐదారుగురు మాత్రం బ్యాటరీ మార్చి చూశారు, చక్రం చేత్తో తిప్పి చూశారు, ఒక్క మోటారు తీసేసి చూశారు. ఒక మోటారుతో ఆగకుండా తిరిగేసరికి వాళ్ల మొహాలు మారాయి. మిగతా వాళ్లు గడియారం చూస్తున్నారు. నాలుగో వారం 18 మంది వచ్చారు. ఆరో వారానికి పదకొండు మంది మిగిలారు.

ఆ వారం నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పిల్లలకు ఆసక్తి లేదు అని స్టాఫ్ రూములో అందరూ సులువుగా అనేస్తాం. నేనూ ఎన్నోసార్లు అన్నాను. కానీ ఈ 31 మందీ వాళ్లంతట వాళ్లు వచ్చినవాళ్లు. మార్కులు లేవు, హాజరు లేదు. వచ్చినవాళ్లు ఎందుకు పోయారు?

మా నాన్నది మదనపల్లెలో టమాటా మార్కెట్ దగ్గర మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు వచ్చేవి. కాలిన రాగి తీగ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టాలి, లేకపోతే మళ్లీ చుట్టడం కుదరదు. స్కూలు లేని రోజుల్లో ఆ లెక్కపెట్టే పని నాది. పదేళ్లకే నేను చుట్టు తప్పకుండా లెక్కపెట్టేదాన్ని. ఆ పని నాకు ఎందుకంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. బయట ఆ మోటారు రైతు బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. చేలో పైరు ఎండుతోందని ఆయన మొహంలో కనిపించేది. నా లెక్క తప్పితే ఆయనకు నీళ్లు రావు. మా కిట్ బండికి అలాంటి మనిషి ఎవరూ లేరు. అది చార్టు మీద గీత వెంట నడిస్తే ఎవరికి లాభం, ఆగితే ఎవరికి నష్టం? పిల్లలు అది కనిపెట్టేశారు. నాకే ఆలస్యమైంది.

ఏడో శనివారం కిట్లు బీరువాలో పెట్టేశాను. బోర్డు మీద ఒక్క ప్రశ్న రాశాను. ఈ స్కూల్లో మీకు రోజూ చిరాకు పెట్టేది ఏంటి? పది నిమిషాల్లో బోర్డు నిండిపోయింది. ఒకటో తరగతి వాళ్లకు చేతులు కడిగే కుళాయి అందదు. టిఫిన్ బ్యాగులు పెట్టే చోట కూర కారుతుంది. మూడో అంతస్తు క్లాసులో గంట వినబడదు. ట్యాంకు పొంగి వర్షం లేకుండానే గ్రౌండు బురదవుతుంది.

ట్యాంకు మీద అందరూ ఒక్కసారే మాట్లాడారు. బెంగళూరు పిల్లలకు నీళ్లంటే ఏమిటో చెప్పాల్సిన పనిలేదు. 2024 మార్చిలో ఇక్కడ బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం కాచుకుని కూర్చున్న రోజులు అందరికీ గుర్తే. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని నీటి బోర్డు ప్రకటించింది. అపార్ట్‌మెంటు లిఫ్టుల్లో ఆ నోటీసులు చదివిన పిల్లలే వీళ్లు. అలాంటిది వాళ్ల స్కూల్లోనే రోజూ పొద్దున నీళ్లు పొంగి పోతుంటే వాళ్లకు కోపం రాదా?

ఎన్ని నీళ్లు పోతున్నాయో ముందు కొలవమన్నాను. సోమవారం నుంచి ఒక అమ్మాయి పొంగే పైపు కింద బకెట్ పెట్టి వాచీ చూసింది. 15 లీటర్ల బకెట్ 25 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 36 లీటర్లు. వాచ్‌మన్ వచ్చి మోటారు ఆపేసరికి పావుగంట అవుతోంది. 540 లీటర్లు. బోర్డు మీద ఆ అంకె రాసినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏడో తరగతి గుణకారం అంతగా మనసుకు తగలడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇక మగపిల్లలు వెంటనే సెన్సర్ అన్నారు. ధ్వని తరంగాలతో దూరం కొలిచే సెన్సర్ ఒకటి ఉంది, ముందు రెండు గుండ్రటి కళ్లలా ఉంటుంది, అన్ని కిట్లలోనూ వస్తుంది. 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా కొలుస్తుంది. దాన్ని ట్యాంకు మూతకు బిగించి, వైఫై పెట్టి, వాచ్‌మన్ ఫోనుకు మెసేజ్ పంపించాలని ప్లాను. ల్యాబులో బకెట్ మీద చక్కగా పనిచేసింది.

ఇక్కడ ఆడపిల్లల గురించి చెప్పాలి. పదకొండు మందిలో నలుగురు అమ్మాయిలు. నేను ఏమీ అనకపోయినా, రెండో వారానికే స్క్రూడ్రైవర్లు అబ్బాయిల చేతుల్లోకి, స్కెచ్ పెన్నులు అమ్మాయిల చేతుల్లోకి వెళ్లిపోయాయి. "నీ రైటింగ్ బాగుంటుంది కదా, నువ్వు రాయి" అనడం. ఆ అమ్మాయి సరేనని రాయడం. మా నాన్న షాపులో నేను చుట్లు లెక్కపెట్టాను కానీ చుట్టే మిషను మీద కూర్చున్నది మాత్రం మా అన్న. అందుకే నాకది వెంటనే కనబడింది. అప్పటినుంచి ప్రతి వారం పనులు మారుస్తాను. ఈ వారం రాసినవాళ్లు వచ్చే వారం తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాల్సిందే. మొదట్లో ఇద్దరు అమ్మాయిలు చేయి కాలుతుందని భయపడ్డారు. మూడో వారం వాళ్ల దగ్గర్నుంచి సోల్డరింగ్ ఐరన్ లాక్కోవాల్సి వచ్చింది.

కానీ ఆ రాతపని చేసిన అమ్మాయే మా ప్రాజెక్టును కాపాడింది. ఎవరికోసం చేస్తున్నామో వాళ్లతో మాట్లాడి రమ్మని నేను చెబితే, మిగతావాళ్లు అడిగీ అడగనట్టు అడిగి వచ్చేశారు. ఈ పిల్ల నోటుబుక్ పట్టుకుని వాచ్‌మన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయనది మడకశిర. ఆమె కన్నడలో అడిగితే ఆయన తెలుగులో చెప్పాడు. చెప్పింది చెప్పినట్టే రాసుకొచ్చింది.

"పొద్దున ఏడింటికి నా చేతిలో తాళాలుంటాయి, వ్యాన్లొస్తా ఉంటాయి. అప్పుడు ఫోను యాడ సూస్తాను పాపా? గేటుకాడి నుంచి తలెత్తి సూస్తే కనపడల్ల. చెడిపోతే నేనే బాగుచేసుకునేట్టుండల్ల. పోయినసారి పెట్టింది కాలిపోయె, మల్ల ఎవురూ రాకపోయిరి."

పోయినసారి పెట్టింది అంటే నిండగానే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్. బజారులో దొరికేదే. మళ్లీ అదే పెట్టించవచ్చు కదా మిస్ అని ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. పెట్టించవచ్చు. కానీ దానికి 230 వోల్టుల వైరు మూడంతస్తులు లాగాలి, అది ఎలక్ట్రీషియన్ పని, పిల్లల చేత నేను ముట్టించను. పైగా చెడిపోతే తానే బాగుచేసుకునేట్టుండాలన్న వాచ్‌మన్ మాట దానికి కుదరదు.

అబ్బాయిలు మాత్రం సెన్సర్‌నే పట్టుకున్నారు. నేను అడ్డుచెప్పలేదు. ప్రిన్సిపాల్ గారి అనుమతితో, నేనూ ఎలక్ట్రీషియనూ వెంట ఉండి, ఇద్దరిద్దరిని పైకి తీసుకెళ్లి బిగించాం. రెండు రోజులు బాగుంది. మూడో రోజు ట్యాంకు సగం ఉంటే నిండిందంది, నిండితే ఖాళీ అంది. మూత తీసి చూస్తే సెన్సర్ కళ్ల మీద నీటి బిందువులు. ట్యాంకులో ఎప్పుడూ ఆవిరి పడుతుంది, ఆ సెన్సర్ తడికి తట్టుకోదు.

ఒక శనివారం ముగ్గురు పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్లో ఇద్దరిని వెంటబెట్టుకుని ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. ఎలక్ట్రానిక్స్ పని చేసేవాళ్లకు ఆ వీధి తెలియకుండా ఉండదు. సన్న సందులు, ఒకదాని మీద ఒకటి షాపులు, డబ్బాల్లో రెసిస్టర్లు బియ్యంలా పోసి ఉంటాయి. పిల్లలు అక్కడ నోరు తెరుచుకుని తిరిగారు. షాపాయన నీళ్లకు తట్టుకునే సెన్సర్ చూపించాడు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు కాగితం చదివి, "మిస్, ఇది 20 సెంటీమీటర్ల కంటే దగ్గర ఉన్నదాన్ని కొలవలేదంట" అన్నాడు. మా ట్యాంకులో మూతకూ పొంగే పైపుకూ మధ్య దూరం 12 సెంటీమీటర్లే. అంటే సరిగ్గా ఎక్కడ చూడాలో అక్కడే దానికి కళ్లు కనబడవు. సెన్సర్‌ను పైపు పెట్టి పైకి లేపితే సరిపోతుందని ఇంకొకడు అన్నాడు. అదీ నిజమే. కానీ ఆ అమ్మాయి బ్యాగులోంచి నోటుబుక్ తీసి, ఆ రోడ్డు మీదే, "చెడిపోతే నేనే బాగుచేసుకునేట్టుండల్ల" అని ఆయన మాటల్లోనే చదివింది. కొనకుండా తిరిగొచ్చాం. దారిలో బస్సులో వాళ్లు గట్టిగా వాదించుకున్నారు. నాకు ఆ వాదన ఎంత ఇష్టంగా ఉందో చెప్పలేను. బండి ఆగితే గడియారం చూసిన పిల్లలు వీళ్లే.

ఆ తర్వాతి వారమే పలమనేరు వైపు పిల్లాడు ఒకడు ఒక మాట అన్నాడు. వాళ్ల తాతగారి ఊళ్లో నీళ్ల ట్యాంకు బయట గోడ మీద అంకెలుంటాయట, ముల్లు లాంటిది ఒకటి కదులుతుందట. "కానీ ఆ అంకెలు తలకిందులుగా రాశారు మిస్. ఎక్కువ నీళ్లుంటే ముల్లు కిందికి వస్తుంది. తప్పుగా రాశారనుకున్నా" అన్నాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలకు వాడే లేచి నిలబడ్డాడు. లోపల తేలేది పైకి వస్తే, కప్పీ మీంచి బయటికి వచ్చిన దారానికి రెండో కొసన ఉన్నది కిందికి దిగుతుంది!

ఇదే సమయంలో కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియానికి వెళ్లొచ్చాం. 1962లో నెహ్రూ ప్రారంభించిన మ్యూజియం అది. పిల్లలంతా రైటు సోదరుల విమానం నమూనా దగ్గరే ఉండిపోయారు. నేను మాత్రం వాళ్లను బయట చెట్టు కింద కూర్చోబెట్టి ఖడక్‌వాస్లా సంగతి చెప్పాను. 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి విశ్వేశ్వరయ్య గారు పెట్టించిన గేట్లు మనిషి అవసరం లేకుండా పనిచేసేవి. నీటిమట్టం ఒక హద్దు దాటగానే ఆ నీళ్లే గేట్లు తెరిపించేవి, మట్టం తగ్గగానే మూసుకునేవి. ఆయన పూర్వీకుల ఊరు ఉమ్మడి ప్రకాశం జిల్లా వైపున్న మోక్షగుండం, ఇంటి పేరే అది. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక, మళ్లీ అలా జరగకుండా దారి చూపమని నిజాం ప్రభుత్వం పిలిపించిందీ ఆయన్నే. ఇవన్నీ సెప్టెంబరు 15న ఇంజనీర్స్ డే ప్రసంగాల్లో పిల్లలు వినే ఉంటారు. కానీ ఆ రోజు వాళ్లు అడిగిన ప్రశ్న వేరు. "మిస్, ఆయన గేటుకు బరువు ఎంత పెట్టాలో ఎలా తెలిసింది?" తమ చేతిలో ఒక ట్యాంకు ఉన్నవాళ్లు మాత్రమే ఆ ప్రశ్న అడగగలరు.

బరువు దగ్గరే మేమూ దెబ్బతిన్నాం. లోపల తేలడానికి థర్మోకోల్ ముక్క, బయట నీళ్లు నింపిన సీసా కట్టారు. ట్యాంకులో నీళ్లు సగమే ఉన్నా నిండినట్టు చూపించింది. ఎందుకంటే బయటి సీసా బరువుకు థర్మోకోల్ నీళ్లలోంచి లేచి పైకి పోయి వేలాడుతోంది. పిల్లలు దాన్ని చూసి పడీ పడీ నవ్వారు. తర్వాత నిశ్శబ్దం. తేలాలి, కానీ బయటిదానికంటే బరువుండాలి. బరువున్నది తేలుతుందా? వస్తువు పక్కకు నెట్టిన నీటి బరువంత బలం దాన్ని పైకి తోస్తుందనే ఆర్కిమెడిస్ సూత్రం వీళ్లకు ఇంకా పాఠంగా రాలేదు. ఏడూ ఎనిమిదీ చదివే వీళ్లు రెండు శనివారాలు బకెట్లతోనూ, వంటింటి త్రాసుతోనూ కుస్తీ పట్టారు. చివరికి శుభ్రంగా కడిగిన రెండు లీటర్ల సీసాలో లీటరు నీళ్లు పోసి, మూత బిగించి లోపల పెట్టారు. బయటి సీసాలో 300 గ్రాముల ఇసుక. లోపలిది తేలుతుంది. నీళ్లు తగ్గితే తన బరువుతో బయటి సీసాను పైకి లాగుతుంది. ఆ లెక్క తేల్చిన అబ్బాయి త్రాసు పక్కన పెట్టి నా వైపు చూసిన చూపు ఇంకా నా కళ్ల ముందే ఉంది.

ఇంకా గాలి ఉంది. సీసా గాలికి ఊగి గోడకు కొట్టుకుంటూ టకటకమంటోందని మూడో అంతస్తు టీచర్లు ఫిర్యాదు చేశారు. దానికి మందు కనిపెట్టింది మేస్త్రీ గారబ్బాయి. అప్పటిదాకా వాడు క్లబ్బులో పెద్దగా మాట్లాడేవాడు కాదు. వాళ్లది పాలమూరు, నాన్న ఇక్కడే అపార్ట్‌మెంట్లు కడతాడు. వాడు ఇంటి నుంచి మేస్త్రీలు వరుస కోసం కట్టే దారం, గోడ నిలువుగా ఉందో లేదో చూసే గుండూ తెచ్చాడు. సీసాకు అటూ ఇటూ రెండు దారాలు బిగువుగా కట్టి, సీసాకు రింగులు వేసి వాటిలోంచి దూర్చాడు. గుండు వేలాడదీసి నిలువు చూసి, గీతలు ఎక్కడ పడాలో చెప్పాడు. ఆ శనివారం మిగతా పిల్లలు వాణ్ని "సార్" అని పిలిచారు. వాళ్ల నాన్న పనిముట్లను స్కూల్లో అంతమంది చేతుల్లోకి తీసుకుని చూస్తుంటే వాడు ఎలా నిలబడ్డాడో వర్ణించడం నాకు చేతకాదు.

నవంబరు మొదటి వారంలో బిగించాం. వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి చూసి తలూపాడు. రెండు రోజుల తర్వాత చూస్తే, పిల్లలు గీసిన కింది గీతకు జానెడు పైన ఎర్ర పెయింటుతో ఇంకో గీత ఉంది. ఎవరు గీశారని అడిగాను. "నేనేనమ్మా. నేను నడిచిపోయి స్విచ్చి ఆపేటప్పటికి అది నిండిపోతా ఉంది. అందుకే ముందే ఆపేదానికి గీత వేసుకున్యా" అన్నాడు. పిల్లలకు ఆ మాట చెబితే గంతులేశారు. వాళ్లు చేసినదాన్ని ఒక పెద్దాయన తన అవసరానికి మార్చుకున్నాడు, అంతకంటే వాళ్లకు కావలసిందేముంది.

డిసెంబరులో ఇంకో చోట పిల్లల ఎగ్జిబిషన్‌కు వెళ్లాం. చిన్న బకెట్, చిన్న సీసాలతో నమూనా చేసుకెళ్లారు. పక్క టేబుళ్ల మీద లైట్లు వెలిగే స్మార్ట్ సిటీలు, రెండు మూడు చోట్ల ఒకేలాంటివి, డబ్బులిచ్చి చేయించినవని చూడగానే తెలుస్తోంది. చూడవచ్చిన పెద్దమనిషి మా వాళ్లను "ఇందులో టెక్నాలజీ ఏముంది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు. మా పిల్లలు బాధపడ్డారు. నాకు చాలా కోపం వచ్చింది. బహుమతి రానందుకు కాదు. డబ్బిచ్చి కొన్న వస్తువు పక్కన నిలబడి బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లిషు వాక్యాలు చెప్పడమే ఇంజనీరింగ్ అని పన్నెండేళ్ల పిల్లలకు మనమే నేర్పుతున్నాం. అలాంటి పిల్లల్ని చూసి తర్వాత ఆసక్తి లేదంటాం.

అదే నెలలో త్రాసు దగ్గర లెక్క తేల్చిన అబ్బాయి వాళ్ల నాన్న వచ్చారు. చాలా మర్యాదస్తులు, పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"మేడమ్, శనివారాలు మావాణ్ని ఫౌండేషన్ కోర్సులో చేర్చాం. ఐఐటీకి ఇప్పటినుంచే మొదలుపెట్టకపోతే లాభం లేదంటున్నారు. క్లబ్బుకు ఇక రాలేడు."

"సార్, మీ అబ్బాయి ఇక్కడ చేసేది ఇంజనీరింగే."

"నిజమేనండీ, మీరు బాగా చేయిస్తున్నారు. వాడు ఇంట్లో కూడా ఇదే చెబుతాడు. కానీ దీనికి మార్కులు లేవు కదా. ఎంట్రన్సు రాశాక జీవితాంతం చేసుకోవచ్చు."

నేను ఆయన్ని తప్పుపట్టలేను. మా అన్న కొడుకును మదనపల్లెలో ఏడో తరగతి నుంచే అలాంటి చోట చేర్చారు, అప్పుడు నేనూ మంచిదేగా అన్నాను. తెలుగువాళ్లం మన పిల్లలు ఇంజనీర్లు కావాలని ఎంతగా కోరుకుంటామో నాకు తెలుసు. ఆ కోరికతోనే పిల్లాడి చేతిలోని త్రాసు, దారం, సీసా తీసి పక్కన పెట్టేస్తున్నాం. ఆరేళ్ల తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలో వాడి చేతికి మళ్లీ అవి ఇస్తే, వాటి మీద ఇష్టం అప్పటిదాకా అలాగే ఉంటుందని నమ్మకమేంటి? ఆయనతో ఈ మాట అన్నాను. ఆయన ఆలోచిస్తానన్నారు. అబ్బాయి జనవరి నుంచి రావడం లేదు. కానీ రోజూ సాయంత్రం వ్యాను వచ్చేలోపు పది నిమిషాలు మా గది గుమ్మం దగ్గర బ్యాగు తగిలించుకునే నిలబడి, లోపల ఎవరేం చేస్తున్నారో చూసి పోతాడు. ఆ పది నిమిషాలు నేను తలుపు దగ్గరగా వేయను.

డబ్బు లేదని, పథకాలు లేవని అనడానికి లేదు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల కింద ఒక్కో స్కూలుకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. దేశంలో 10,000 ల్యాబులు వచ్చాయి, ప్రభుత్వ స్కూళ్లలో ఐదేళ్లలో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. మంచి పని. నేను అలాంటి ల్యాబు ఒకటి చూడడానికి వెళ్లాను. త్రీడీ ప్రింటరుకు వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు, పాడవుతుందని తాళం వేసి ఉంచారు. 2020 జాతీయ విద్యా విధానంలో నాకు బాగా నచ్చిన మాట వేరే ఒకటుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగులు, కుమ్మరుల లాంటి పనివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని అందులో ఉంది. మా స్కూల్లో వచ్చే జూన్‌లో ఆ పది రోజుల్లో రెండు రోజులు పాలమూరు మేస్త్రీ గారికి ఇవ్వమని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఒప్పుకున్నారు. మేస్త్రీ గారే ఇంకా ఒప్పుకోలేదు. "నేనేం పాఠం చెప్తనమ్మా, నాకు సదువు రాదు" అంటున్నారు. కొడుకును మధ్యవర్తిగా పెట్టాను.

మా నాన్నకు ఎనభై దగ్గర పడ్డాయి. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫోనులో సీసా వీడియో చూపించాను. రెండుసార్లు చూశాడు. కప్పీకి గ్రీజు పెట్టారా అని అడిగాడు. పెట్టలేదు. రాగానే పెట్టాం.

మొన్న సోమవారం ఏడో తరగతి అమ్మాయి ఒకతి ప్రార్థన కాగానే పరిగెత్తుకుంటూ వచ్చింది. పావురాలు దారం మీద వాలుతున్నాయట, రెండు కూర్చుంటే సీసా పైకి పోయి ట్యాంకు ఖాళీ అని చూపిస్తోందట. వాచ్‌మన్ మోటారు అనవసరంగా వేశాడట. నోటుబుక్‌లో అప్పటికే మూడు బొమ్మలు గీసుకొచ్చింది. ఒకటి దారం చుట్టూ స్ట్రా తొడగడం, అది తిరుగుతుంది కాబట్టి పావురం కాలు నిలవదు. రెండోది దారాన్ని పైపులోంచి పంపించడం. మూడోది ఏమిటో నాకు అర్థం కాలేదు, అడిగితే శనివారం చేసి చూపిస్తానంది.